మీటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్తవాళ్లకు అకౌంట్లు: ఏ దారిలో ఆహ్వానించాలి?

అకౌంట్ ఆహ్వానాలు పంపడానికి కూర్చునే ముందు జాబితాను ఒకసారి వడకట్టండి. అందులో ఉన్న అందరికీ అకౌంట్ అక్కర్లేదు. జూమ్, గూగుల్ మీట్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ మూడింటిలోనూ అకౌంట్ లేనివాళ్లు పేరు టైప్ చేసి అతిథిగా మీటింగులోకి రావచ్చు, నిర్వాహకులు ఆ వీలు ఆపేయకపోతే. అకౌంట్ కావలసింది మీటింగులు పెట్టేవాళ్లకు, ప్రత్యామ్నాయ హోస్టుగా ముందే పేరు పెట్టాల్సినవాళ్లకు, రికార్డింగులూ చాటూ తర్వాత కూడా చూసుకోవాల్సినవాళ్లకు, ‘లాగిన్ అయినవాళ్లకే ప్రవేశం’ అని పెట్టిన మీటింగులకు వచ్చేవాళ్లకు. ఎప్పుడో ఒకసారి వచ్చి విని వెళ్లేవాళ్లకు మీటింగు లింకు చాలు.

మిగిలినవాళ్లను చేర్చడానికి దారులు ఐదు. నిర్వాహక పేజీ నుంచి ఒక్కొక్కరికీ ఈమెయిల్ ఆహ్వానం పంపడం, సీఎస్‌వీ ఫైలుతో, అంటే పేర్లూ చిరునామాలూ కామాలతో విడదీసి రాసిన జాబితాతో, గుంపుగా పంపడం, అకౌంటు మనమే తెరిచి తాత్కాలిక పాస్‌వర్డ్ ఇవ్వడం, చేరిక లింకు ఒకటి పంచిపెట్టడం, ఆహ్వానంతో పనే లేకుండా సంస్థ లాగిన్‌తో, అంటే ఎస్‌ఎస్‌ఓతో, నేరుగా రానివ్వడం.

వీటిలో ఏది అని తేల్చుకునేటప్పుడు చాలామంది మొదట అడిగేది ‘ఎంతమంది ఉన్నారు?’ అని. అది రెండో ప్రశ్న. మొదటిది: వాళ్ల మెయిల్‌బాక్సులు ఎవరి చేతిలో ఉన్నాయి? అందరి చిరునామాలూ మీ సంస్థ డొమైన్ (@ తర్వాత వచ్చే పేరు) మీదే ఉండి, వాళ్లకు ఇప్పటికే ఒక లాగిన్ ఉంటే, ఇరవై మందికైనా ఎస్‌ఎస్‌ఓ దారే మేలు. ఎవరి జీమెయిల్, ఎవరి ఔట్‌లుక్ వాళ్లదైతే, వెయ్యి మందికైనా ఈమెయిల్ ఆహ్వానం తప్పదు. ఆ మెయిల్‌బాక్సు నిజంగా ఆ మనిషిదేనని రుజువు చేసేది ఆ మెయిల్‌లోని లింకే మరి.

ఈమెయిల్ ఆహ్వానం: ఎక్కడ తెగుతుంది

పైకి చూస్తే తేలికే. చిరునామా కొడతారు, లైసెన్స్ రకం ఎంచుకుంటారు, పంపుతారు. జూమ్‌లో అయితే ‘యూజర్ మేనేజ్‌మెంట్’ కింద ‘యూజర్స్’లోకి వెళ్లి ‘యాడ్ యూజర్స్’ నొక్కి, కామాలు పెట్టుకుంటూ ఒకేసారి చాలా చిరునామాలు ఇవ్వొచ్చు. అవతలి మనిషి లింకు నొక్కి, పేరు, పాస్‌వర్డ్ పెట్టుకునేదాకా అకౌంట్ ‘పెండింగ్’లో ఉంటుంది. జూమ్ ఆహ్వాన లింకు 30 రోజులు పనిచేస్తుంది. ఆ తర్వాత నిర్వాహకులు మళ్లీ పంపాలి. పాస్‌వర్డ్ మన కంటపడదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈ దారికున్న పెద్ద బలం అదే.

తెగే చోట్లు నాలుగున్నాయి.

ఒకటి, ఆ చిరునామాతో ఇదివరకే సొంత అకౌంట్ ఉండటం. అప్పుడు వెళ్లేది కొత్త అకౌంట్ తెరవమనే మెయిల్ కాదు, ఉన్న అకౌంట్‌ను మీ సంస్థ కిందికి తెచ్చుకుంటారా అని అడిగే మెయిల్. ఒప్పుకుంటే దాని సెట్టింగులు మీ నిర్వాహకుల చేతిలోకి వస్తాయి. సొంత పనికి వాడుకుంటున్న అకౌంట్ అయితే ఆ మనిషి ఒప్పుకోడు, లేదా చూసుకోకుండా ఒప్పుకుని తర్వాత నెత్తి కొట్టుకుంటాడు. పాత అకౌంట్‌ను విడిగా ఉంచుకోవాలనుకుంటే, ఆహ్వానాన్ని ఒప్పుకోకముందే దాని లాగిన్ చిరునామాను వేరే మెయిల్‌కు మార్చుకోమని చెప్పండి. తర్వాత మళ్లీ ఆహ్వానం పంపితే మామూలు కొత్త అకౌంట్ తెరుచుకుంటుంది.

రెండోది వింతగా కనిపిస్తుంది. ‘నేను ఇంతకుముందు లింకు నొక్కనే లేదు, మొదటిసారి నొక్కగానే ఇప్పటికే వాడేశారని వస్తోంది’ అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. చాలా సంస్థల మెయిల్ భద్రతా వ్యవస్థలు మెయిల్ చేరేలోపే అందులోని లింకులన్నీ తెరిచి పరీక్షిస్తాయి. ఒకసారికే చెల్లే లింకు అలా తెరవగానే ఖర్చయిపోతుంది. సర్వర్ లాగ్ చూస్తే తెలిసిపోతుంది: మెయిల్ వెళ్లిన కొద్ది సెకన్లలోనే ఏదో డేటా సెంటర్ ఐపీ నుంచి లింకు తెరుచుకుని ఉంటుంది, ఆ తర్వాత పాస్‌వర్డ్ పేజీలో ఏ కదలికా ఉండదు. సొంత సర్వర్ మీద నడుపుతుంటే మందు ఒకటే: లింకు తెరవగానే అందులోని టోకెన్ (ఒకసారికే చెల్లే రహస్య సంకేతం) ఖర్చు కాకూడదు, పేజీలో ‘అకౌంట్ మొదలుపెట్టు’ బటన్ నొక్కాకే ఖర్చు కావాలి. క్లౌడ్ సేవ అయితే అవతలి సంస్థ ఐటీ వాళ్లతో మాట్లాడి, ఆ సేవ డొమైన్‌ను స్కానింగ్ నుంచి మినహాయించమని అడగడమే మార్గం.

మూడు, ఉమ్మడి మెయిల్‌బాక్సులు. ‘సమాచారం’, ‘కార్యాలయం’ లాంటి పేర్లతో నలుగురు చూసే చిరునామాకు ఆహ్వానం పంపితే, ముందు ఎవరు నొక్కితే అకౌంట్ వాళ్లది. పాస్‌వర్డ్ ఒకరు పెడతారు, మిగతా ముగ్గురూ ‘మర్చిపోయాను’ నొక్కి మారుస్తూ ఉంటారు. గది పేరుతోనో విభాగం పేరుతోనో అకౌంట్ కావాలంటే, దాని బాధ్యత ఎవరిదో ముందే రాసిపెట్టుకోండి.

నాలుగోది స్పామ్. ‘మీకు అకౌంట్ తెరిచాం, ఈ లింకు నొక్కి పాస్‌వర్డ్ పెట్టుకోండి’ అనే మెయిల్‌కూ మోసగాళ్లు పంపే మెయిల్‌కూ చూపులో పెద్ద తేడా ఉండదు. ఫిల్టర్లు అనుమానించకపోయినా జాగ్రత్తపరులు డిలీట్ చేస్తారు, చేయాలి కూడా. అందుకని ఆహ్వానానికి ఒకరోజు ముందు, వాళ్లకు తెలిసిన మనిషి పేరుతో, అసలు లింకే లేని మెయిల్ ఒకటి పంపండి. అది ఈ మాత్రం ఉంటే చాలు:

‘రేపు ఉదయం 10 నుంచి 12 మధ్య మీకు జూమ్ నుంచి అకౌంట్ ఆహ్వానం వస్తుంది. పంపినవారి పేరు జూమ్ అని ఉంటుంది, విషయం ఇంగ్లీషులో ఉంటుంది. అందులోని లింకు నొక్కితే పేరు, కొత్త పాస్‌వర్డ్ అడుగుతుంది. మీ ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్ అక్కడ ఇవ్వకండి. బ్యాంకు వివరాలు, ఓటీపీ ఎవరైనా అడిగితే అది మా మెయిల్ కాదు. 12 దాటాక కూడా రాకపోతే స్పామ్ ఫోల్డరు చూసి, అక్కడా లేకపోతే ఈ మెయిల్‌కే జవాబివ్వండి.’

సమయం చెప్పడం ముఖ్యం. ఫలానా గంటకు వస్తుందని తెలిసినవాళ్లు దాన్ని వెతుక్కుంటారు.

సీఎస్‌వీ: పని తగ్గుతుంది, తప్పులు పెరుగుతాయి

సీఎస్‌వీ వేరే రకం ఆహ్వానమేమీ కాదు. అదే ఆహ్వానం, ఒక్కసారే వందమందికి వెళ్తుంది. పదిహేను, ఇరవై మందిదాకా చేత్తో కొట్టడమే త్వరగా అవుతుంది. అది దాటినా, ఒక్కొక్కరికీ విభాగం, గ్రూపు, లైసెన్స్ వేరువేరుగా పెట్టాల్సి వచ్చినా సీఎస్‌వీకి మారండి.

టెంప్లేట్ ఫైలును ఆ సాఫ్ట్‌వేర్ నుంచే దించుకోండి. సొంతంగా కాలమ్‌లు పెట్టుకుని ఎక్కిస్తే మొదటికే మోసం వస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు కాలమ్ శీర్షికలో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు మొత్తాన్ని తిప్పికొడతాయి, ఇంకొన్ని నోరు మెదపకుండా ఆ కాలమ్‌ను వదిలేస్తాయి. రెండోదే ప్రమాదం. లైసెన్స్ కాలమ్ చదవలేదని తెలిసేసరికి అందరూ ఉచిత రకంలో చేరిపోయి ఉంటారు.

తెలుగులో పేర్లు ఎక్కించేవాళ్లకు అసలు తలనొప్పి ఎన్‌కోడింగ్, అంటే ఫైలులో అక్షరాలను దాచే పద్ధతి. ఎక్సెల్‌లో మామూలు ‘సీఎస్‌వీ’ అని సేవ్ చేస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, ఇక వాటిని వెనక్కి తేలేం. సేవ్ చేసేటప్పుడు జాబితాలో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని విడిగా ఉంటుంది, అదే ఎంచుకోవాలి. అయితే దానికీ ఒక మెలిక ఉంది. ఎక్సెల్ ఆ ఫైలు మొదట్లో కంటికి కనబడని గుర్తు ఒకటి పెడుతుంది, దాన్ని బీఓఎమ్ అంటారు. దాన్ని అర్థం చేసుకోలేని సాఫ్ట్‌వేర్ మొదటి కాలమ్ పేరు తప్పంటుంది, మీకేమో ఎంత చూసినా తప్పు కనిపించదు. అలాంటప్పుడు ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ‘సేవ్ యాజ్’లో ఎన్‌కోడింగ్ దగ్గర బీఓఎమ్ లేని యూటీఎఫ్-8 ఎంచుకుని సేవ్ చేస్తే సరి. గూగుల్ షీట్స్ నుంచి దించుకున్న సీఎస్‌వీకి ఈ గొడవ ఉండదు.

చిరునామాల కాలమ్‌లోనూ కనబడనివి దూరతాయి. వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో కాపీ చేసిన చిరునామా చివర ఖాళీ ఉండొచ్చు, మామూలు ఖాళీకి బదులు విడిపోని ఖాళీ ఉండొచ్చు. తెలుగు కీబోర్డు మీద పొల్లు తర్వాత అక్షరాలు అతుక్కోకుండా కొట్టే సున్నా వెడల్పు గుర్తు కూడా ఒక్కోసారి చిరునామాలోకి జారుతుంది. చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంటుంది, మెయిల్ మాత్రం వెళ్లదు. షీట్‌లో పక్క కాలమ్‌లో అక్షరాల సంఖ్య చెప్పే ఫార్ములా పెట్టి, అనుమానం వచ్చిన చిరునామాలో అక్షరాలు చేత్తో లెక్కపెట్టి పోల్చండి; ఒకటి ఎక్కువ చూపిస్తే దొంగ దొరికినట్టే. ఫోన్ నంబర్లూ ఉద్యోగి నంబర్లూ ఉన్న కాలమ్‌లను డేటా వేయకముందే ‘టెక్స్ట్’గా మార్చాలి, లేకపోతే ముందున్న సున్నాలను ఎక్సెల్ మింగేస్తుంది.

ఎక్కించేటప్పుడు మొత్తం ఫైలు ఒకేసారి వద్దు. మొదట ఐదు వరుసలతో ఫైలు చేయండి: ఒక జీమెయిల్, ఒక ఔట్‌లుక్, ఒక సంస్థ చిరునామా, తెలుగులో పేరున్న వరుస ఒకటి, మీ సొంతం ఒకటి. ఐదూ చేరాయా, లింకు పనిచేసిందా, లైసెన్స్ సరిగ్గా పడిందా చూసుకున్నాకే మిగతావి. అవి కూడా హెల్ప్‌డెస్క్ ఒక పూటలో జవాబు చెప్పగలిగినంత మందికే పంపండి. ఐదొందల మందికి శుక్రవారం సాయంత్రం ఆహ్వానాలు పంపినవాళ్లకు సోమవారం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

తాత్కాలిక పాస్‌వర్డ్

గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365లలో మీట్, టీమ్స్ అకౌంట్లు మామూలుగా ఇలాగే తెరుచుకుంటాయి. ఇక్కడ చిక్కు ఏమిటంటే, మెయిల్‌బాక్సు కూడా అప్పుడే పుడుతుంది. దాని పాస్‌వర్డ్‌ను దానికే పంపి లాభం లేదు. కాబట్టి ఆ మనిషి పాత మెయిల్ చిరునామాకు పంపాలి, లేదా ఎదురుగానో ఫోన్‌లోనో చెప్పాలి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ ఒకే మెయిల్‌లో పెట్టకండి. మొదటి లాగిన్‌లోనే పాస్‌వర్డ్ మార్చాలనే గుర్తు తప్పకుండా పెట్టండి. అందరికీ ఒకటే పాస్‌వర్డ్, ‘సంస్థ పేరు 123’ లాంటిది, ఇవ్వడం ఎంత తేలికో అంత చేటు: ఇంకా లాగిన్ అవ్వని అకౌంట్లన్నీ ఆ పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాడికీ తెరిచిన తలుపులే.

మెయిల్ అలవాటు లేనివాళ్లకు, పిల్లలకు ఇదే సరైన దారి. మిగతావాళ్ల విషయంలో ఈమెయిల్ ఆహ్వానం పంపే వీలుండి కూడా దీన్ని ఎంచుకోవడానికి కారణం కనబడదు.

చేరిక లింకు

ఒక లింకు గ్రూపులో పడేస్తారు, వచ్చినవాళ్లు చేరిపోతారు. పంపేవాళ్లకు ఇంతకంటే సుఖం లేదు. కానీ అది చేతులు మారుతుంది, పాత గ్రూపుల్లో ఉండిపోతుంది, మీరు అనుకోనివాళ్లు మీ లైసెన్సులు వాడేస్తారు. మీ డొమైన్ చిరునామాలకే చెల్లేలా, గడువు తేదీతో, చేరినవాళ్లను నిర్వాహకులు ఒప్పుకునేలా, ఈ మూడింటిలో కనీసం రెండు పెట్టే వీలుంటేనే వాడండి. ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్ బిగ్‌బ్లూబటన్‌కు ముందుభాగంగా వాడే గ్రీన్‌లైట్ 3లో నిర్వాహకులు నమోదును మూడు రకాలుగా పెట్టుకోవచ్చు: ఎవరైనా చేరొచ్చు, ఆహ్వానం ఉన్నవాళ్లే చేరాలి, చేరినవాళ్లను నిర్వాహకులు ఒప్పుకోవాలి. మూడోది చిన్న శిక్షణ కేంద్రానికి బాగా నప్పుతుంది, ఆ వరుసను రోజూ తెరిచి చూసే మనిషి ఉంటే. లేకపోతే చేరినవాళ్లు క్లాసు మొదలయ్యేదాకా గుమ్మంలోనే ఉండిపోతారు.

ఎస్‌ఎస్‌ఓ: ఆహ్వానమే లేని దారి

సంస్థ లాగిన్‌తో లోపలికి రాగానే అకౌంట్ దానంతట అదే పుడుతుంది. ఆహ్వాన మెయిల్ ఉండదు కాబట్టి స్పామ్, గడువు, స్కానర్ల గొడవ ఏదీ ఉండదు. ఖర్చు ఇంకోచోట ఉంటుంది: ఎస్‌ఎస్‌ఓ సాధారణంగా కింది ప్లాన్లలో దొరకదు. జూమ్‌లో బిజినెస్ లేదా ఎడ్యుకేషన్ స్థాయి ప్లాన్ ఉండాలి, సంస్థకంటూ ఆమోదం పొందిన వానిటీ యూఆర్‌ఎల్ (జూమ్‌లో సంస్థ పేరుతో ఉండే వెబ్ చిరునామా) కూడా ఉండాలి.

దీనికీ రెండు రూపాలున్నాయి. మొదటి లాగిన్‌తో అకౌంట్ పుట్టేది ఒకటి. సంస్థ డైరెక్టరీలో పేరు చేరగానే ముందుగానే పుట్టేది రెండోది, దాన్ని ఎస్‌సీఐఎం అంటారు. మొదటి రూపంలో మనిషి ఒక్కసారైనా లాగిన్ అయ్యేదాకా సాఫ్ట్‌వేర్ దృష్టిలో అతను లేడు. సోమవారం క్లాసుకు ప్రత్యామ్నాయ హోస్టుగా అతని పేరు శుక్రవారమే పెట్టాలంటే కుదరదు. ఉద్యోగం మానేసినవాళ్ల అకౌంట్లు కూడా వాటంతట అవి పోవు. లాగిన్ ఆగిపోతుంది గానీ లైసెన్స్ వాళ్ల పేరు మీదే ఉంటుంది. ఎస్‌సీఐఎం ఈ రెండు లోట్లనూ తీరుస్తుంది. మైక్రోసాఫ్ట్ డైరెక్టరీ సేవ అయిన ఎంట్రాతో కలిపితే మార్పులు దాదాపు 40 నిమిషాలకోసారి అవతలికి వెళ్తాయి, కాబట్టి పేరు చేర్చిన ఐదో నిమిషంలో ‘రాలేదు’ అని కంగారుపడనక్కర్లేదు. మనుషులు తరచుగా వచ్చిపోయే సంస్థకు ఎస్‌సీఐఎం కావాలి. ఏడాదికి నలుగురు మారే చోట మొదటి రూపం చాలు.

అమర్చేటప్పుడు ఎక్కువగా తప్పు జరిగేది చిరునామా దగ్గర. డైరెక్టరీలో లాగిన్ పేరు ఒకటి, మెయిల్ చిరునామా ఇంకొకటి ఉన్నవాళ్లు ప్రతి సంస్థలోనూ కొందరుంటారు. ఆహ్వానం ఒక చిరునామాకు పంపి, ఎస్‌ఎస్‌ఓలో రెండోదాన్ని కలిపితే ఒకే మనిషికి రెండు అకౌంట్లు పుడతాయి. రికార్డింగులు ఒకదాంట్లో, లైసెన్స్ ఇంకోదాంట్లో. కలిపే ముందే రెండు కాలమ్‌లూ తీసి తేడా ఉన్నవాళ్లను విడదీయండి.

ఎస్‌ఎస్‌ఓ పెట్టాక ఆహ్వాన మెయిళ్లను ఆపడం మర్చిపోకండి. వెబెక్స్ నిర్వాహక పేజీ అయిన కంట్రోల్ హబ్‌లో నిర్వాహకుల ఆహ్వాన మెయిళ్లను అణిచివేసే స్విచ్ ఉంది. అది వేయకపోతే అక్కర్లేని మెయిల్ వెళ్లి, దాన్ని ఏం చేయాలని అడిగేవాళ్లు మొదలవుతారు.

సొంత సర్వర్ అయితే అదనంగా

క్లౌడ్ సేవల ఆహ్వానాలను ఆ కంపెనీల సర్వర్లే పంపుతాయి. గ్రీన్‌లైట్, నెక్స్ట్‌క్లౌడ్ టాక్ లాంటివి సొంతంగా నడిపితే మెయిల్ చేర్చే బాధ్యత మీదే. మామూలు జీమెయిల్ అకౌంట్‌ను పంపే సర్వర్‌గా పెడితే రోజుకు 500 దగ్గర ఆగిపోతుంది, వర్క్‌స్పేస్ అయితే 2000. అమెజాన్ మెయిల్ పంపే సేవ ఎస్‌ఈఎస్‌లో కొత్త అకౌంట్ శాండ్‌బాక్సులో, అంటే పరీక్షా దశలో, ఉంటుంది: 24 గంటల్లో 200 మెయిళ్లు, అవీ ముందే ధ్రువీకరించిన చిరునామాలకే. ఆహ్వానాల తేదీకి ముందే ఆ పరిమితి తీయమని అర్జీ పెట్టుకోండి. మెయిల్ బయటికి వెళ్లే పోర్టు 25ను చాలా క్లౌడ్ హోస్టింగులు మూసేస్తాయి, 587 వాడండి.

డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ మూడూ ఉండాలి; మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందో లేదో అవతలి సర్వర్ తేల్చుకోవడానికి డీఎన్‌ఎస్‌లో పెట్టే రికార్డులివి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు రోజుకు 5000 దాటి పంపేవాళ్లకు గూగుల్ మూడింటినీ తప్పనిసరి చేసింది. తక్కువ పంపేవాళ్లకూ ఎస్‌పీఎఫ్, డీకేఐఎంలలో ఒకటైనా ఉండాలి. కొత్త మెయిల్ సేవ చేర్చినప్పుడు రెండో ఎస్‌పీఎఫ్ రికార్డు పెట్టేస్తుంటారు. డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. ఉన్నదానిలోనే కొత్త సేవను చేర్చాలి, అందులో డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు.

ఇంకొకటి, మెయిల్ చేరుతుంది గానీ లింకు తెరుచుకోదు. లింకు మీద మౌస్ పెట్టి చూడండి. ‘లోకల్‌హోస్ట్’ (ఈ కంప్యూటరే అని అర్థం) అని ఉంటే సెట్టింగులలో సైటు అసలు చిరునామా ఇవ్వలేదన్నమాట.

తిరిగొచ్చిన మెయిళ్లలో ఉండే అంకెలు చూసి పని విభజించుకోండి. 550 5.1.1 అంటే ఆ చిరునామా లేదు, సరైనది కనుక్కోవాలి. 4తో మొదలైతే అవతలి సర్వర్ ‘తర్వాత రా’ అంటోంది, మీ సర్వరే మళ్లీ ప్రయత్నిస్తుంది, కొత్త ఆహ్వానం పంపి గందరగోళం చేయొద్దు. చాలా సాఫ్ట్‌వేర్లలో కొత్తది పంపగానే పాత లింకు చెల్లకుండా పోతుంది, ఆలస్యంగా చేరిన మొదటి మెయిల్ నొక్కినవాళ్లకు తప్పు చూపిస్తుంది. 5.7తో మొదలయ్యేవి విధానపరమైన తిరస్కరణలు: ముందు మీ ఎస్‌పీఎఫ్, డీకేఐఎం చూసుకోండి.

కలిపి వాడటం

నిజానికి చాలా చోట్ల రెండు దారులు కావాలి. సంస్థలో 300 మంది, బయటి నుంచి వచ్చే అధ్యాపకులు 25 మంది అనుకుందాం. 300 మందిని ఎస్‌ఎస్‌ఓతో రానిచ్చి, పాతిక మందికే ఈమెయిల్ ఆహ్వానం పంపండి. టీమ్స్‌లో ఈ పాతిక మందిని సభ్యులుగా కాక అతిథులుగా ఆహ్వానించవచ్చు. సొంత మెయిల్‌తోనే లాగిన్ అవుతారు, మీరు పాస్‌వర్డ్ చూసుకోనక్కర్లేదు. ఎస్‌ఎస్‌ఓ లేని, అందరూ సొంత మెయిళ్లు వాడే స్వచ్ఛంద సంస్థకు సీఎస్‌వీ ఆహ్వానమే సరిపోతుంది. ఒకే బ్యాచ్, మూడు నెలల కోర్సు అయితే ఆమోదంతో కూడిన చేరిక లింకు పెట్టి, చేరికలు పూర్తవగానే లింకు మూసేయండి.

ఏ దారి పట్టినా పెండింగ్ జాబితాను వదిలేయకండి. మూడో రోజు ఒకసారి, గడువుకు వారం ముందు ఒకసారి మళ్లీ పంపండి. అప్పటికీ కదలకపోతే మెయిల్ మానేసి ఫోన్ చేయండి. చిరునామా తప్పు పడిందని చాలాసార్లు అప్పుడే బయటపడుతుంది. ఎవరూ వాడని ఆహ్వానాలను రద్దు చేయండి, పెండింగ్‌లో ఉన్నవాళ్లకు కేటాయించిన లైసెన్స్ మీ లెక్కలోంచి పోతోందేమో బిల్లు చూసుకుని, పోతుంటే ముందు వాటినే తీసేయండి.